జానెడు తీగ

బరువేం లేదు, జానెడు తీగ, తూచినా తులం తూగదు, మరి భుజం ఎందుకిలా గుంజుతోంది, అనుకుంటూ మునిరత్నం అన్నం సంచిని ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మార్చుకున్నాడు, మార్చుకున్న నిమిషానికే మళ్ళీ ఎడమకు మార్చాడు, తిరుత్తణిలో రైలెక్కిన దగ్గర్నుంచి ఇదే పని, సంచిలో టిఫిన్ డబ్బా, డబ్బాలో అమ్మ కలిపిచ్చిన చింతపండన్నం, డబ్బా కింద పాత తువ్వాలు, తువ్వాలు మడతలో ఆ తీగ, ఎవరికి కనిపిస్తుంది, ఎవరికి కావాలి, రైలు పెట్టెలో కాలు మోపడానికే చోటు లేదు, ఆడికృత్తిక మొక్కు తీర్చుకుని కొండ దిగిన జనం, చందనం పూసిన గుండ్లు, పసుపు బట్టలు, కావళ్ళు, ఏడ్చే పిల్లలు, ఎవరో ఒకరు వెట్రివేల్ మురుగా అనగానే పెట్టె పెట్టంతా హరోహరా అంటోంది, వీళ్ళంతా మోసింది దించేసి తేలిగ్గా ఇళ్ళకు పోతున్నారు, తానొక్కడే మోసుకుని పోతున్నాడు, గోడకు ఆనుకుందామంటే గోడ దగ్గర ఒక ముసలామె, తలుపు దగ్గరికి జరుగుదామంటే తలుపులో నలుగురు, ఎదురుగా కూర్చున్నతని గడియారంలో ఏడుంపావు, పది గంటలకు ఎంక్వయిరీ, తిరువళ్ళూరులో దిగి బస్సు పట్టుకుంటే తొమ్మిదికల్లా కంపెనీ గేటు, గేటు దగ్గర తంగరాజన్న నిలబడి ఉంటాడు, ఉంటాడా, ఉంటాడు, శనివారం కూడా నిలబడ్డాడు కదా, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు, పంతొమ్మిదేళ్ళు లోపల కొలిమి చూసుకున్న మనిషి రోడ్డుకవతల నిలబడి గేటువైపు చూస్తున్నాడు, ఆ చూపు గుర్తొచ్చి మునిరత్నం మళ్ళీ సంచి భుజం మార్చుకున్నాడు.

చెప్పేద్దామనే ఇంటికి పోయాడు, పళ్ళిపట్టుకు పోయి నాయనకు చెప్పేస్తే సగం భారం దిగుతుందనుకున్నాడు, ఆదివారమంతా నాయన చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు, నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు రావడం, ఎవరూ రాకపోతే తనే నీళ్ళు నమలడం, ఈ పొద్దు తెల్లవారుతూనే నాయన అరుణాచలం గుంటమగ్గంలోంచి లేచాడు, అమ్మ అలమేలు దిగి ఆ చోట్లో కూర్చుంది, రోజూ జరిగేదే, మనిషి మారేటప్పుడు నాయన పడుగు మీద వేలు పెట్టి ఏదో చెప్పాడు, అమ్మ ఊఁ అంది, పోగు లాగే నాడె మళ్ళీ అటూ ఇటూ ఆడింది, తను గుమ్మంలో చెప్పులేసుకుంటూ చూశాడే గాని చెవిన పెట్టలేదు, తన తలలో తన మాటే తిరుగుతోంది, నాయనా ఒక తప్పు చేసినాను, అంతే, నాలుగు మాటలు, ఆ నాలుగు మాటలూ గొంతు దాటలేదు, నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, ఇంకా నిలబడుకోనే ఉండావేమిరా, ఫస్టు బస్సు పోతాది, ఇంకెంత, మూడు నెలలు, ఆ పరీక్ష అయిపోతే నా కొడుకు మిషన్లకు డాక్టరు, అని నవ్వాడు, ఆ నవ్వుకు మునిరత్నానికి ఏడుపొచ్చింది, ఆ ఇంట్లో రెండో మగ్గం ఉండేది, అది తనది, బడి నుంచి రాగానే పుస్తకాలు విసిరేసి అందులోనే దిగేవాడు, అప్రెంటీసుగా పేరు వచ్చిన రోజున నాయన ఆ గుంటలో మన్ను పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి చదును చేశాడు, ఇంక నువ్వు ఈడ దిగేది లేదు పోరా అని, ఇప్పుడా చోట మంచం ఉంది, నిన్న రాత్రి దాని మీదే పడుకున్నాడు, కంపెనీలో పేరు కొట్టేస్తే ఎక్కడ దిగాలి, మంచం జరిపి మన్ను తవ్వుకోవాలా.

అరక్కోణంలో దిగినవాళ్ళ కంటే ఎక్కినవాళ్ళే ఎక్కువ, మునిరత్నాన్ని ఇంకా లోపలికి నెట్టేశారు, ఎవరి మోచెయ్యో సంచికి తగిలి డబ్బా గల్లుమంది, తీగ మాత్రం చప్పుడు చెయ్యలేదు, అది చప్పుడు చేసే రకం కాదు, దాని గుణం గురించి గోపాలన్ సారు మొదటి ఏడాదే చెప్పాడు, ఇన్‌స్ట్రుమెంట్ సెక్షనుకు ఆయనే పెద్ద, ఇంట్లో తెలుగు, కంపెనీలో తమిళం, కోపం వస్తే రెండూ కలిపి, ఆరు నెలలు ఇనుప దిమ్మెకు ఆకురాయి పట్టించి, చేతులు బొబ్బలెక్కాక ఒకరోజు బల్ల మీద రెండు తీగలు పెట్టాడు, చూస్తే రెండూ ఒకే మాదిరి ఉండాయి కదా, కావు, రెండూ వేరే వేరే లోహాలు, కొసలు కలిపి వేడి చేస్తే ఇంత కరెంటు పుడతాది, చీమక్కూడా తెలీనంత, ఆ కాస్తనూ మీటరు కనిపెట్టి ఇంత వేడి అని చెప్తాది, థర్మోకపుల్ అంటే అంతేరా, కొలిమిలో గుచ్చిన కడ్డీలో ఆ కొసలు కలిసి ఉంటాయి, ఆడి నుంచి మీటరు దాకా తీగలు రెండూ ఒకదాన్నొకటి తగలకుండా పోవాల, నడాన యాడైనా తగిలినాయనుకో, మీటరు కొలిమిని మరిచిపోయి ఆ తగిలిన చోటు వేడి చెప్పేదానికి మొదలుపెడతాది, అది అబద్ధం చెప్పదురా, యాడ కలిస్తే ఆడి సంగతే చెప్తాది, అందుకే ఈ తీగకు నడాన అతుకు కూడదు, తెగినాదా, కొత్తది లాగాల, లాగినాక లాగ్‌బుక్కులో రాయాల, పురియుదా, అర్థమైనాదా, అని అందరి మొహాలూ చూశాడు, మునిరత్నం నోటుపుస్తకంలో రాసుకున్నాడు, తెలుగు మాటలే, తమిళ అక్షరాలతో, అతుకు కూడదు, కింద రెండు గీతలు కూడా గీశాడు, గీసిన చెయ్యే అతికింది.

ఎలుక చేసిన పని, అంటే నెపం ఎలుక మీదికి తోస్తున్నాను, కొరికింది ఎలుక, అతికింది ఎలుక కాదు కదా, పదిహేను రోజుల కింద, గోపాలన్ సారు పని మీద మద్రాసు పోయిన రోజు, రెండో నంబరు కొలిమి మీటరు ముల్లు సున్నా మీద పడుకుందని తంగరాజన్న మనిషిని పంపాడు, మునిరత్నం పరుగెత్తాడు, కొలిమి గోడ పక్కన ఇనుప పెట్టె మూత తీస్తే లోపల తీగ రెండు పోగులూ తెగి ఉన్నాయి, పక్కన ఎలుక పెంటికలు, కొత్త తీగ కావాలంటే స్టోరుకు గోపాలన్ సారు సంతకం కావాలి, ఆయన వచ్చేది రేపు, బయట కొలిమిలో కాల్చాల్సిన పళ్ళచక్రాలు నింపిన తోపుడుబండి ఎదురుచూస్తోంది, పెద్ద ఆలోచన కూడా చెయ్యలేదు, అదే నిజం, ఆలోచించి చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో, తెగిన కొసలు కనిపించగానే వేళ్ళు వాటంతటవే గోడ మీది బూడిద అద్దుకున్నాయి, మగ్గం దగ్గర పోగు తెగితే అద్దుకున్నట్టే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొసలు పెట్టి ఒక్క మెలి, వెనక్కి మడిచి ఇంకో మెలి, ఒక పోగు, రెండో పోగు, మీద నల్లటేపు, ఎంత సన్నగా కుదిరిందంటే చేత్తో తడిమినా అతుకని తెలియదు, మీటరు ముల్లు లేచి నిలబడింది, మునిరత్నం ఒళ్ళు పులకరించింది, ఇది నాయన వేళ్ళ పని, ఏ ఐ.టి.ఐ.లోనూ నేర్పలేరు అనుకున్నాడు, సారు రాగానే కొత్తది లాగుదాం అని కూడా అనుకున్నాడు, అనుకున్నాడా, ఏమో, ఇప్పుడు కల్పించుకుంటున్నాడేమో, లాగ్‌బుక్కులో మాత్రం చూశాను, బాగుంది, అని రాసి సంతకం పెట్టాడు, చేతులు దులుపుకుంటూ వస్తుంటే తంగరాజన్న కొలిమి తలుపు దగ్గర్నుంచి అరిచాడు, అయినాదా రా, అయినాదన్నా, ఏమై ఉండినాది, ఏం లేదన్నా, బాగుండాది, సరే, ఇట్ల రా టీ తాగిపో, అని తన గ్లాసులోదే సగం వంచి ఇచ్చాడు, ఆ టీ తాగాడు.

పది రోజులు ముడి నిలబడింది, అదే మోసం చేసింది, మర్నాడే ఊడిపోయి ఉంటే ఏ గొడవా లేకపోను, గోడ వేడికి టేపు కొంచెం కొంచెంగా మాడిందన్నమాట, మాడి బొగ్గయ్యాక రెండు పోగుల ముడులూ అంటీ అంటనట్టు తాకాయి, గురువారం మధ్యాహ్నం షిఫ్టులో మీటరు కొలిమి వేడీ కాకుండా ముడి వేడీ కాకుండా రెండూ కలిపి ఒక లెక్క చెప్పడం మొదలుపెట్టింది, ఎనిమిదొందల యాభై ఉండాల్సిన చోట ఏడొందల ఎనభై అంటోంది, మీటరు చాలదంటే బర్నరు మంట పెంచుతూ పోతుంది, దాని పని అదే, తంగరాజన్న కొలిమి తలుపు సందులోంచి లోపలికి చూసి ఉలిక్కిపడ్డాడట, నిప్పు రంగు చూసి వేడి చెప్పే మనిషి ఆయన, కంపెనీకి ఈ మీటర్లు రాకముందు ఆ కండ్లే మీటర్లు, పండుమిరప రంగంటే ఇంకా చాలదురా, నారింజ రంగంటే సరి, తంగేడు పువ్వు రంగు తిరిగినాదంటే మించినాది, అని మునిరత్నాన్ని పక్కన నిలబెట్టుకుని ఎన్నిసార్లు చూపించాడో, ఆ రోజు తంగేడు పువ్వు రంగు, మీటరేమో చాలలేదంటోంది, షిఫ్టు ఇంజనీరు మీటరు చెప్పిందాకా ముట్టుకోవద్దన్నాడు, తంగరాజన్న కాసేపు చూశాడు, ఇంక ఆగలేక నూనె వాల్వు కట్టేసి సరుకు బయటికి లాగాడు, కానీ అప్పటికే మించిపోయింది, చల్లార్చే నూనెతొట్టిలో పడగానే చక్రాలు ఒక్కొక్కటే టప్ టప్‌మని పగిలాయి, బండి సరుకు మొత్తం, పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది, మీటరు మాట కాదని తన ఇష్టానికి నిప్పు కట్టేసి సరుకు పాడుచేశాడు, ముందునుంచీ మీటర్ల మీద సణిగే మనిషే, సస్పెండు, సోమవారం పది గంటలకు ఎంక్వయిరీ, పోయేది ఒకరోజు కూలి కాదు, పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు, శుక్రవారం, శుక్రవారం పొద్దున్నే గోపాలన్ సారు మీటరు విప్పి పరీక్షపెట్టెతో సరిచూశాడు, మీటరు బంగారంలా ఉంది, తీగ కూడా ఒకసారి చూసిరా మునిరత్నం, అని పంపాడు, పంపినవాడికి అనుమానం లేదు, ఎందుకుంటుంది, లాగ్‌బుక్కులో బాగుంది అని ఉంది, మునిరత్నం ఇనుప పెట్టె మూత తీశాడు, టేపు లేదు, నల్లటి పొట్టు ఉంది, దానిలో తన రెండు ముడులూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఎంత చక్కగా ఉన్నాయో, మాడినా మెలి ఊడలేదు, మీటరు దగ్గరికి పోయి వెనక చూస్తే అక్కడ నాలుగు బారల తీగ చుట్ట చుట్టి వేలాడుతోంది, మిగులు, ముందే అటు తిరిగి చూసి ఉంటే అతికే పనే లేదు, కాస్త లాగితే కొలిమి దాకా వచ్చేది, ఇప్పుడు లాగాడు, వచ్చేసింది, ముడులున్న జానెడు ముక్క కత్తిరించి జేబులో వేసుకున్నాడు, మీటరు ముల్లు చక్కగా లేచింది, పోయి తీగ బాగుండాది సార్ అన్నాడు, గోపాలన్ సారు తల ఊపి కాగితం మీద మీటరు సరి, తీగ సరి, అని రాసి సంతకం పెట్టాడు, ఆ సంతకంతో తంగరాజన్న మెడకు ఉరి బిగిసింది, మొదటిసారి చెప్పిన మాట పొరపాటు అనుకోవచ్చు, తెలియక, అలవాటుగా, రెండోసారి చెప్పింది ఏమనుకోవాలి, తేలు కుట్టిన దొంగలా రోజంతా చెయ్యి జేబులోనే పెట్టుకుని తిరిగాడు.

తిరువాలంగాడు దాటాక వంతెన వస్తుంది, చిన్న వంతెనే, కింద ఏరు, ఇసకలో ఒక పాయ నీళ్ళు, తిరుత్తణిలో రైలెక్కేటప్పుడే లెక్కవేసుకున్నాడు, అక్కడ విసిరేస్తే అయిపోతుంది, ఆనవాలు ఉండదు, మునిరత్నం జనాన్ని తోసుకుంటూ తలుపు దగ్గరికి జరిగాడు, ఏమప్పా, దిగేది మణవూరా, అన్నాడు తలుపులో ఒకతను, కాదు గాలికి, సంచిలో చెయ్యి పెట్టి తువ్వాలు మడతలోంచి తీగ అందుకున్నాడు, చల్లగా ఉంది, వంతెన వచ్చింది, చప్పుడు మారింది, ఇనుప దూలాలు ఒకటొకటిగా పోతున్నాయి, ఇప్పుడు, ఇప్పుడు, వేళ్ళు విప్పితే చాలు, వేళ్ళకేమైందో బిగుసుకుపోయాయి, బొటనవేలు దానంతటది ముడి మీద తిరుగుతోంది, ఎంత గట్టి మెలి, కొత్త తీగ తెగుతుంది గాని ఇది ఊడదు, ఏటిలో పడితే ముడి పోతుందా, తనకు తెలిసింది పోతుందా, వంతెన అయిపోయింది, చెయ్యి అలాగే ఉంది, చెయ్యి తన మాట వినలేదని కోపం వచ్చింది, ఆ కోపం వెనకే ఏదో ఊరట లాంటిది, దాన్ని గుర్తుపట్టడానికి భయమేసి మళ్ళీ లోపలికి వచ్చేశాడు.

ఇది పారేస్తే ఆ కండ్లకు ఏం చెప్పాలి, శనివారం గేటు దగ్గర తంగరాజన్న చెయ్యి ఊపి పిలిచాడు, రోడ్డు దాటి పోక తప్పలేదు, ఆయన పక్కన భార్య రాజామణక్క బైబిలు చంకన పెట్టుకుని ఉంది, బాగుండావా రా, అన్నాడాయన, ఉండానన్నా, తిన్నావా, తిన్నానన్నా, కోపంగా ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది, అనలేదు, గొంతు తగ్గించి, రేయ్ నాయనా, నీకు పనిలో చెయ్యి బాగుండాది, నిన్నొకటి అడగాల, ఆ మీటరులో ఏమన్నా ఉండినాదా, గోపాలన్ సారు అన్నీ సరిగ్గా ఉండాయి అని రాసినాడంట, ఆయన అబద్ధం రాసే మనిషి కాదు, మరి నేను చూసినాను కదరా, తంగేడు పువ్వు రంగు, ఈ రెండు కండ్లతో చూసినాను, అని, అంతటి మనిషి నేలవైపు చూస్తూ, నాకే అనుమానంగా ఉండాది, కండ్లు పోయినాయేమో, నిన్న డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నా, బాగుండాయి అంటాడు, మరి రంగు ఎట్ల తప్పినాను, అన్నాడు, రాత్రంతా దీపం చూస్తా కూర్చుంటాడు తమ్ముడూ, ఇది ఎర్రగా ఉండాదా పచ్చగా ఉండాదా అని నన్ను అడగతాడు, అని రాజామణక్క అంది, మునిరత్నం జేబులో చెయ్యి పెట్టాడు, తీగ తగిలింది, మీటరులో ఏమీ లేదన్నా, అన్నాడు, అది నిజమే, మీటరులో ఏమీ లేదు, నిజం చెప్పి ఇంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు, తంగరాజన్న సరేలే అని భుజం తట్టాడు, ఏ భుజం, ఇదే, ఎడమ భుజం, అందుకేనా ఇది ఇలా గుంజుతోంది.

కానీ నేనేం తప్పు చేశాను, అని మణవూరు దాటగానే మనసు ఎదురుతిరిగింది, పోగు తెగుతుంది, అతుకుతాం, ఒక చీరలో ఎన్ని అతుకులుంటాయో నేసినవాడికే తెలుసు, చీర మడతపెట్టి సొసైటీలో ఇచ్చేటప్పుడు ఇదుగో ఇక్కడ అతికాను, అక్కడ అతికాను అని ఎవరైనా చెబుతారా, కట్టుకునే ఆమెకు చెబుతారా, చెప్పరు, తెలియకుండా అతకడమే పనితనం, చిన్నప్పటి నుంచి చూసింది అదే, చేతికి వచ్చింది అదే, మెచ్చుకున్నదీ దానికే, ఇప్పుడు చెబితే ఏమవుతుంది, అప్రెంటీసు రద్దు, పరీక్ష లేదు, గోపాలన్ సారు మొహం ఎలా చూడాలి, తనను నమ్మి సంతకం పెట్టినందుకు ఆయనకూ మాటే, నాయన మళ్ళీ దిమ్మిసతో కొట్టిన మన్ను తవ్వాలి, చెప్పకపోతే తంగరాజన్న, ఆయనకు యూనియను ఉంది, పెద్ద సర్వీసు ఉంది, క్షమించి వదిలేస్తారేమో, వదలకపోతే, పరీక్ష అయ్యాక చెబుదాం, మూడు నెలలు, మూడు నెలలు ఆయన దీపం చూస్తూ కూర్చోవాలా, పేరు లేకుండా కాగితం రాసి పడేస్తే, కాగితం ఎవరు నమ్ముతారు, ఛీ, ఒక దారీ తోచడం లేదు, నాయనా అబ్బోడా, అంది పక్కన గోడకానుకున్న ముసలామె, ఇందాకట్నుంచి చూస్తాండాను, ఆ సంచి అట్ల భుజాలు మారస్తాండావు, ఏముండాది దాంట్లో, అన్నం అవ్వా, అన్నమేనా, సరే గాని ఇది కొంచెం పట్టు, నా కండ్లకు ఆనలేదు, అని ఒళ్ళోని కావడి చూపించింది, గుండు మీద చందనం ఆరి పొడి రాలుతోంది, కావడికి నెమలీకల కట్ట వేలాడగట్టిన దారం తెగిపోయింది, ఈ చెంచమ్మ అవ్వకు ముడి ఎయ్యి నాయనా, నీకు పుణ్యముంటాది, ఆ సామి ఈకలు కింద పడకూడదు, మునిరత్నం తీగను మళ్ళీ సంచిలోని తువ్వాల్లో పెట్టేసి దారం కొసలు అందుకున్నాడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక మెలి, వెనక్కి మడిచి ఇంకో మెలి, అయిపోయింది, ఆమె తడిమి చూసి నవ్వింది, యాడ ఏసినావో కూడా తెలీలేదే, నేతోళ్ళ బిడ్డవా, అవునవ్వా, అన్నాడు, ఎందుకో తల ఎత్తలేకపోయాడు.

కడంబత్తూరు దగ్గర ఆమె లేచింది, తలుపు వైపు నుంచి కోడలు వచ్చి, అత్తా ఇట్లియ్యి కావడి, నేను పట్టుకుంటా, అంది, చెంచమ్మ ఇవ్వబోయి ఆగింది, దారం మీద వేలు పెట్టి, ఇదో సుందరవల్లీ, చూసుకో, ఈడ అబ్బోడు ముడేసినాడు, ఈడ పట్టి లాగొద్దు, మెల్లిగా, అంది, కోడలు ఊఁ అని ఆ చోటు చూసుకుని కావడి భుజానికెత్తుకుంది, ఇద్దరూ దిగిపోయారు, రైలు కదిలింది, మునిరత్నం మాత్రం ఆ వేలు చూస్తూనే ఉన్నాడు, దారం మీద వేలు, పడుగు మీద వేలు, పొద్దున నాయన వేలు, అమ్మ ఊఁ అనడం, అప్పుడు విననిది ఇప్పుడు ఒక్కో మాటా వినిపించింది, అలమేలూ, ఇదో ఈడ నాలుగు పోగులు అతికినాను, అచ్చు మెల్లిగా కొట్టు, రోజూ అనే మాట, పుట్టినప్పటి నుంచి వింటున్న మాట, అమ్మ లేచినా అంతే, ఏమయ్యా, అంచు దగ్గర రెండు అతికినా, చూసుకో, తను ఆ రెండో మగ్గంలోంచి లేచేటప్పుడు కూడా, పదేళ్ళ పిల్లవాడు, వేలు పెట్టి చూపించకుండా లేస్తే నాయన చెవి మెలిపెట్టేవాడు, లేచి పోతావేమిరా, నా నెత్తిన పెట్టేసి పోతావా, తర్వాత కూర్చునేది నేను కదా, అని, అవును, కొనేవాళ్ళకు చెప్పరు, కట్టుకునేవాళ్ళకు చెప్పరు, కానీ తన వెనక ఆ గుంటలో దిగి కూర్చునే మనిషికి చెప్పకుండా ఏ నేతగాడూ లేవడు, ఇన్నాళ్ళూ ఆ సగం ఎక్కడ పోగొట్టుకున్నాడు, ముడి వెయ్యడం వేళ్ళతో తెచ్చుకుని వేలు పెట్టి చూపించడం పళ్ళిపట్టులోనే వదిలేసి వచ్చాడు, కొలిమి దగ్గర తన వెనక కూర్చున్నది మేనేజరు కాదు, గోపాలన్ సారు కాదు, తంగరాజన్న, ఆయన నోరు తెరిచి అడిగాడు కూడా, ఏమై ఉండినాది అని, అప్పుడు ఒక్క మాట అని ఉంటే చాలు, అన్నా ఆడ అతికినాను చూసుకో అని, గురువారం తంగేడు పువ్వు రంగు కనిపించగానే ఆయన తన కండ్లనే నమ్మేవాడు, ఒక్క క్షణం ఆగేవాడు కాదు, గుంట తవ్వుకోవాల్సి వస్తే తవ్వుకుందాం, నాయన తిట్టుకుంటాడు, తిట్టుకుని తనే పార తెస్తాడు, తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం వచ్చింది, మునిరత్నం సంచిలోంచి తువ్వాలు తీసి, తువ్వాల్లోంచి తీగ తీసి, అరచేతిలో పెట్టుకుని దిగాడు, ఎంక్వయిరీ బల్ల మీద పెట్టడం తర్వాత, గోపాలన్ సారు తర్వాత, ముందు రోడ్డుకవతల తెల్లచొక్కా దగ్గరికి పోవాలి, ముడి మీద వేలు పెట్టి చూపించి చెప్పాలి, అన్నా, ఈడ నేను అతికినాను, నీకు చెప్పలేదు, నీ కండ్లు బాగుండాయన్నా.